వాననీళ్ళ ఇల్లు

“వాన పడకపోతే?” అని అడిగింది అంజినమ్మ.

“సంపులో నీళ్ళుంటాయి కదా. పొదుపుగా వాడితే ఎండాకాలం గడిచిపోతుంది” అంది వరూధిని.

“పొదుపుగా అంటే?”

“స్నానానికి ఒక్క బకెట్.”

“తలకు పోసుకునే దినం?”

“ఆ రోజూ అంతే.”

వరూధిని బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఆర్కిటెక్టు. దేవనహళ్ళి దాటాక ఉన్న ఈ పల్లెకు ఇళ్ళు గీసిచ్చింది ఆమే. గోడలు మట్టి ఇటుకలవి. కప్పు మీద పడ్డ వాన సంపులోకి పోతుంది. ఎండ ఫ్యాను తిప్పుతుంది. పేడ గ్యాసై పొయ్యి వెలిగిస్తుంది. బయటి నుంచి ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. కట్టిన ఇళ్ళన్నీ నిండిపోయి, ఇదొక్కటే తాళంతో ఉంది. ఎలాగైనా అంజినమ్మ చేత సరే అనిపించాలని, పొద్దున్నే భర్త దామోదర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

“మబ్బు పడితే కరెంటు?”

“తగ్గుతుంది. అప్పుడు ఒక్క ఫ్యానే.”

“పిల్లోళ్ళు అలుగుతారే?”

“అలవాటైపోతుందండీ.”

“అందరూ మొదుట్లో అట్లే అంటారమ్మా” అంది అంజినమ్మ. “గ్యాసుకు దినామూ పేడ కలపాల. ఎవురు కలిపేది?”

“మగవాళ్ళు కలపొచ్చు. ఏవండీ, ఒకసారి చూపించండి.”

దామోదర్ బ్యాంకు మేనేజరు. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, పేడ బకెట్‌లో చెయ్యి పెట్టాడు. ముఖంలో ఏ భావమూ కనబడనివ్వలేదు. అంజినమ్మ భర్త ఆవులప్ప పక్కనే నిలబడి చూశాడు.

“ముద్దలుండాయి సారూ.”

దామోదర్ రెండో చెయ్యి కూడా పెట్టాడు.

ఇంతలో వరూధిని ఫోను మోగింది. కూతురు వర్షిణి.

“అమ్మా, ఆవిడ ఒప్పుకుందా?”

“ఇంకా లేదే.”

“ప్లీజ్ అమ్మా, బతిమాలు!” వర్షిణి గొంతు వెనక జనం కేకలు, బిందెల చప్పుడు, నీళ్ళ ట్యాంకరు హారనూ వినబడ్డాయి. వరూధిని ఫోను పెట్టేసింది.

ఇవే మాటలు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మనిషి. ఇక్కడ అరుగు మీద కూర్చుని ఒక్కో ప్రశ్నకూ మాటలు వెతుక్కుంటోంది.

“నా భయం ఒకటేనమ్మా” అంది అంజినమ్మ. “ఆశపడి చేరేది, చేతకాక నెలకే మూటాముల్లే కట్టుకొని పోయేది. ఇల్లు పాడుబడిపోదా?”

“అలా జరగదు. పూచీ నాది.”

“చెప్పేది సులువే. ఉండేది కష్టం.”

“తెలుసండీ. గీసినప్పుడు అంత తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.” వరూధిని తాళం వేసిన తలుపు వైపు చూసింది. “అయినా ఇంతకంటే మంచి ఇల్లు నాకు తెలీదు.”

అంజినమ్మ మొగుడి వైపు తిరిగింది. “నువ్వేమంటావప్పా?”

ఆవులప్ప దామోదర్‌ను ఎగాదిగా చూశాడు. “పనికొస్తాడు.”

“సరేలేమ్మా” అంది అంజినమ్మ, “మీకే బాడుగకిస్తా.”