ఇంగ్లీషు దరువు

“గిటారు పార్టీ ల్యాకుండా ఇదేం పెండ్లి మామా? నేను పీటల మీద కూసోను.”

అనంతపురం పెళ్లికొడుకు పందిట్లో అందరి ముందరే అనేశాడు. బయ్యన్నకు తల తీసేసినట్లయింది. వరసగా మూడేళ్లు చినుకు రాలకపోయినా, శింగనమల చుట్టుపక్కల ఎవరూ వేయనంత పందిరి వేశాడు. అల్లుడు అలిగి లేచిపోతే కూతురి గతేం కాను? తన పరువేం కాను?

ఊళ్లో ఉన్న గిటారు పార్టీ ఒకటే. ఊరి బయట పేటలో నాగప్పది. గుంతకల్లులో ఎవరో రైలు డ్రైవరు దొర విలాయతి పోతూ పారేసిన గిటారు ఒకటి, దాన్ని చూసి వడ్రంగితో చేయించుకున్నది ఇంకొకటి, ఒక కంజీర. వాటిని వాయించే ఆ ముగ్గురిని చూస్తేనే బయ్యన్నకు ఒళ్లు మంట. డప్పు కొట్టాల్సిన చేతులకు తీగలెందుకని ఊరంతా వినేటట్లు తిట్టినవాడే, ఇప్పుడు గతిలేక కబురు పెట్టాడు.

“మా అల్లుడు నవ్వుకుంటా తాళి కట్టల్ల. ల్యాకుంటే రేపట్నుంచి నా చేన్లో మీరు అడుగు పెట్టొద్దండి.”

“వాయిస్తాం సామీ,” అన్నాడు నాగప్ప, తల ఎత్తకుండానే.

మొదటి పాటకే పెళ్లికొడుకు మూతి తిప్పాడు. “ఇది చర్చీలో పాడేది కదప్పా.” రెండోదానికి స్నేహితుల వైపు చూసి కన్ను గీటాడు. “రేడియో సిలోను!” మూడోది గుంతకల్లు రైల్వే డాన్సు హాల్లో తానే విన్నాడట. స్నేహితులు పడీ పడీ నవ్వారు.

“అన్నీ దొంగ సొమ్మే. మీ సొంతం ఒగటన్నా ఉండాదా?”

బయ్యన్న పళ్లు కొరికాడు. పెళ్లి కానీ, వీళ్ల వీపులు పగలగొట్టించాలి అనుకున్నాడు.

“ఒగటుండాది,” అన్నాడు నాగప్ప. అప్పుడు తల ఎత్తి బయ్యన్నను సూటిగా చూశాడు. “వాయించేకి మీరు ఒప్పుకోల్ల సామీ.”

“ఒప్పుకున్యాలేరా, వాయించి సావు!”

నాగప్ప గిటారు చెక్కను అరచేత్తో చరిచాడు. కంజీర అందుకుంది. తీగలు దాని వెంట పరుగెత్తాయి. పెళ్లికొడుకు ఎగిరి లేచాడు.

“ఇదీ ఇంగ్లీషు దరువంటే! రా మామా!”

స్నేహితులందరూ చిందులు తొక్కారు. అల్లుడు చెయ్యి పట్టి లాగేసరికి బయ్యన్న కూడా కండువా తిప్పుతూ గంతులేశాడు. ఈ దరువు ఎక్కడో విన్నట్లే ఉంది. రేడియోలోనే అయ్యుంటుంది.

పందిరి అవతల దూరంగా నిలబడ్డ పేటవాళ్లు తలపాగాలు విప్పి చేత పట్టుకున్నారు. ఇన్నాళ్లకు వీళ్లకు మర్యాద తెలిసిందని బయ్యన్న కడుపు నిండిపోయింది. నాగప్ప తల్లి కదిరమ్మ ఒడిలోంచి గుప్పెడు బొరుగులు తీసి గాల్లోకి చల్లింది. ఈ కరువులో అక్షింతలకు బియ్యం యాడ తెస్తుందిలే పాపమని, బయ్యన్న ఇంకో గంతు వేశాడు.

కూతురి పెళ్లిమాటలు జరిగే తన ఇంటి ముందర మోగకూడదని పోయిన నెల తానే నోరు మూయిస్తే, బొరుగులు చల్లుకుంటూ సాగిన నాగప్ప నాయన శవం వెంట మోగలేకపోయిన చావు డప్పు దరువు అది.