శాఖ రంగు

“మొన్నటిది వంకాయ రంగు. ఇదీ మన శాఖ ఊదా అంటే!”

మేడ్చల్‌లో రెండోసారి అచ్చు వేయించిన సంతాప ఫ్లెక్సీకి రంగుల అట్ట ఆనించి చూసి, శాఖాధిపతి భానుప్రకాశ్ మురిసిపోయాడు. ఆపైన విశ్వవిద్యాలయ చిహ్నాన్ని స్కేలుతో కొలిచాడు. సభకు వచ్చినవారు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇంతటి అల్పుడికి ఆచార్య పదవి ఎవరు కట్టబెట్టారా అని సీనియర్ అధ్యాపకురాలు వకుళ ఏవగించుకుంది.

చనిపోయిన అటెండరు పరమేశ్ భార్య యాదవ్వ, కూతురు రోజాతో కీసర నుంచి వచ్చి వకుళ పక్కనే కూర్చుంది.

“మేడమ్, ఇంట్ల ఆయన ఫొటో ఒక్కటి గూడ లేదు. మీటింగ్ అయినంక గీ ఫ్లెక్సీ మాకిస్తరా?”

“తప్పకుండా ఇప్పిస్తాను యాదవ్వా.”

ఫ్లెక్సీని గోడకు కట్టారు. “ఒక్క తప్పు చూపించండి వకుళగారూ!” అన్నాడు భానుప్రకాశ్.

ఆమె చిహ్నాన్నీ, రంగునూ, ఫొటోనూ నింపాదిగా చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకనందుకు చిరాకుపడింది.

యాదవ్వ ఆత్రంగా లేచి దగ్గరికెళ్ళి, కొయ్యబారిపోయింది. వెనకే వెళ్ళిన రోజా తల్లి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, గీయన నాయిన గాదే!”

భానుప్రకాశ్ విసుక్కున్నాడు. “ఆఫీసులో ఎవరి ఫైలు తీశారో ఏమో! ఫొటో మార్పిద్దాం. రంగు మాత్రం ముట్టుకోవద్దు.”

ఛీ అనబోయిన వకుళ మళ్ళీ ఆ ఫొటో వైపు చూసింది. ఏళ్ల తరబడి రోజూ తనకు టీ అందించిన పరమేశ్ అతడేనని, ఆ క్షణం దాకా ఆమె కూడా అనుకుంది.