అర్జంటు కాని కాల్

పక్క కుర్చీలోని ఆవిడ చిన్న కాగితం ముక్క ఓరెస్ట్ ముందుకు తోసింది.

"ముసలివాళ్ళు తమది అర్జంటని ఎప్పుడూ చెప్పరు" అని రాసి ఉంది దాని మీద.

ఓరెస్ట్ ఆవిడ వైపు చూశాడు. యాభై దాటిన మనిషి. నెరిసిన పొట్టి జుట్టు, పాత కోటు, మెడ చుట్టూ నీలం మఫ్లరు. కెనడాలోని ఈ చిన్న ఊరు యార్క్‌టన్‌లో ఇదివరకు చూసిన జ్ఞాపకం లేదు.

ఊళ్ళో చిన్న వ్యాపారస్తుల కోసం ఓ హోటల్ హాల్లో పెట్టిన సమావేశం అది. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు అమ్మే ట్రెంట్ వేదిక మీద ఉత్సాహంగా చెబుతున్నాడు.

"కస్టమరు ఫోన్ చేయగానే మిషనే మాట్లాడుతుంది సార్. అర్జంటయితే ఒకటి నొక్కమంటుంది, కాకపోతే రెండు. ఒకటి నొక్కితే మీరెక్కడున్నా మీ సెల్లు మోగుతుంది. రెండు నొక్కితే మెసేజీ రికార్డయి ఉంటుంది. తీరిక చూసుకుని వినొచ్చు. మధ్యలో మనిషే అక్కర్లేదు!"

ఆ మాట ఓరెస్ట్‌కి ఎక్కడో తగిలింది.

ఇళ్ళని వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేయడం అతని పని. షాపు మూశాక వచ్చే ఫోన్లన్నీ రెజైనా నగరంలో, షాపుల తరఫున ఫోన్లెత్తి కబురందించే ఒక ఆన్సరింగ్ ఆఫీసుకి వెళ్ళేవి. అక్కడ వెర్నా అనే ఆవిడ ఎత్తేది. పొద్దున్నే ఆరింటికి అతన్ని లేపేది.

"లేవయ్యా ఓరెస్టూ, నీకంటే ముందు చలి లేచింది. నాలుగిళ్ళున్నాయి. ముందు ప్రొకొప్‌చుక్ తాతగారింటికి వెళ్ళు. పర్లేదు పర్లేదు అంటున్నాడు గానీ నాకు నమ్మకం లేదు."

పద్నాలుగేళ్ళు ఆ గొంతుతోనే అతనికి తెల్లారింది.

రెజైనా రెండు గంటల ప్రయాణం. ఒక్కసారి వెళ్ళి చూసి రావాలని ప్రతి వేసవిలోనూ అనుకునేవాడు. 'ఏమని వెళ్ళను?' అనుకుని ఆగిపోయేవాడు. మనసులో ఆమెకో రూపం కూడా కట్టుకున్నాడు. పొడుగ్గా, ఎర్రజుట్టుతో.

మార్చిలో ఉన్నట్టుండి వేరే గొంతు లేపింది.

"వెర్నా సెలవులో ఉందండీ."

ఆ సెలవు అక్టోబరైనా తీరలేదు. కొత్తవాళ్ళు చిరునామాలు తప్పు రాస్తున్నారు. ఆమే లేనప్పుడు ఎవరుంటేనేం, మిషనుంటేనేం అనిపించి ఈ సమావేశానికి వచ్చాడు.

ఇంకో కాగితం వచ్చింది.

"మిషనుకి గొంతులో వణుకు తెలీదు. మనిషినే పెట్టుకోండి."

ఓరెస్ట్‌కి చిరాకేసింది. "మీరు ఏ కంపెనీ తరఫున వచ్చారండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చిన్నగా నవ్వి, మూడో కాగితం తీసి ఏదో రాయబోయింది.

"మాటే రాని మీకు ఫోన్ల గొడవెందుకమ్మా?" అన్నాడు.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ కలం ఆగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. అయినా లేచి వెళ్ళలేదు. అతను ట్రెంట్‌ని అవీ ఇవీ అడుగుతున్నంతసేపూ కూర్చునే ఉంది.

ఒప్పందం మీద సంతకం పెట్టి అతను వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ.

కొత్త ఫోన్లు బాగానే పనిచేశాయి. నవంబరు, డిసెంబరు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఆరింటికి అలారం మోగేది. కాసేపు అలాగే పడుకుని, ఏ గొంతూ పిలవకపోతే, లేచేవాడు.

జనవరిలో చలి మైనస్ ముప్పై ఎనిమిదికి దిగింది. ఆ ఆదివారం ఒకటి నొక్కినవాళ్ళ ఇళ్ళు తిరగడంతోనే అతనికి ఊపిరి సలపలేదు. రెండు నొక్కినవాళ్ళ మెసేజీలు సోమవారం మధ్యాహ్నం గానీ వినలేదు.

"ఓరెస్టూ, నేను వసిల్ ప్రొకొప్‌చుక్‌ని. ఇంట్లో కొంచెం చలిగా ఉంది. తొందరేం లేదు నాయనా, వీలున్నప్పుడే రా."

మాట మాటకీ గొంతు వణుకుతోంది.

ఓరెస్ట్ వెళ్ళేసరికి ముసలాయన వంటింట్లో నేల మీద, రెండు కోట్లు కప్పుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. ప్రాణమైతే దక్కింది. చలికి చచ్చుబడిన ఎడమ కాలి వేళ్ళు మూడు తీసేశారు.

"ఒకటి ఎందుకు నొక్కలేదు తాతా?" ఆస్పత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు ఓరెస్ట్.

"పసిపిల్లలున్న ఇళ్ళుంటాయి కదరా. నాది అర్జంటేమిటి?" అన్నాడు ముసలాయన. కాసేపాగి, "ఆ అమ్మాయి ఏదిరా? తనైతే నేను చెప్పకపోయినా కనిపెట్టేది" అన్నాడు.

మర్నాడే ఓరెస్ట్ రెజైనాకి బయల్దేరాడు. ఏమని వెళ్ళాలో ఈసారి అతనికి తెలుసు. మంచు కప్పిన రోడ్డు మీద రెండు గంటలూ చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

ఆన్సరింగ్ ఆఫీసంటే ఒక గది, మూడు బల్లలు. మూడింటి ముందూ ఎర్రజుట్టు మనిషి కోసం వెతికాడు. లేదు.

"మళ్ళీ మీ దగ్గరే చేరతానండీ" అన్నాడు మేనేజరు ఈడిత్‌తో. "కానీ నా ఫోన్లు వెర్నాయే ఎత్తాలి. ఆవిడ సెలవు ఎప్పుడైపోతుంది?"

ఈడిత్ లేచి తలుపు దగ్గరికి వేసింది.

"క్రిస్మస్ ముందే పోయిందండీ. గొంతులో కాన్సరు. ఎవరికీ చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకుంది. నా గొంతొక్కటే తెలిసినవాళ్ళకి అదే గుర్తుండనీ అంది."

ఓరెస్ట్ తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒక్కసారి చూడలేకపోయాను" అన్నాడు. "పాపం, తనూ నన్ను చూడలేదు."

"ఎందుకు చూడలేదండీ! మార్చిలో ఆపరేషన్‌తో మాట పోయాక, ఒక్కసారి మిమ్మల్ని చూడాలని అక్టోబరులో ఎవరినో బతిమాలి కారెక్కి మీ ఊరు వచ్చింది; మీ షాపు దగ్గర కనుక్కుని ఏదో ఫోన్ల మీటింగుకొచ్చి, మీ చొక్కా మీది పేరు చూసి పక్కనే కూర్చుందట, తన పేరు రాసి చూపించబోయి, ఎందుకో మానేసిందట."