ఆవులింతాయన

"నీ పుస్తకం మొదటి కాపీ నాకివ్వవా?" అన్నాడు భర్త.

"ఇది ఆవులింతాయనకి. ముఖాన కొట్టి వస్తాను," అంది రచయిత్రి, చెప్పులేసుకుంటూ.

"పాపం, అట్ట గట్టిగా ఉంది. మెల్లగా కొట్టు."

ఆవిడకి నవ్వు రాలేదు. కడుపుమంట అలాంటిది.

ఆవులింతాయన ఒక వారపత్రికలో కథలు చూసే సబ్ ఎడిటర్. ఆవిడ ఆయన్ని ఎన్నడూ చూసింది లేదు. చూసిందల్లా ఆయన ఎర్ర పెన్సిల్ గీతని.

మొదటి కథ తిరుగు టపాలో వచ్చింది. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. నాలుగో పేజీ మధ్యలో చిన్న ఎర్రగీత, అంతే.

"ఇక్కడిదాకా చదివి ఆవులించి ఉంటాడు," అన్నాడు భర్త. సబ్ ఎడిటర్‌కి ఆ పేరు అలా ఖాయమైపోయింది.

గీత పడిన చోట అక్కాచెల్లెళ్ళు మాటా మాటా అనుకుంటారు. అసలు గొడవ దగ్గరే నిద్రొచ్చిందా ఈయనకి? ఆవిడకి పంతం పుట్టింది. తర్వాతి కథని ఏకంగా గొడవతోనే మొదలుపెట్టింది.

అదీ తిరిగొచ్చింది. ఈసారి గీత రెండో పేజీలో ఉంది.

రాసేకొద్దీ గీత పైపైకి పాకింది. ఆవులింత అంత తొందరగా వస్తోందన్నమాట.

ఆఖరి కథకైతే గీత మొదటి అక్షరానికి ముందే ఉంది.

ఒక్క ముక్క కూడా చదవలేదు ఆ మహానుభావుడు. ఆవిడ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఏడుపయ్యాక అవే కాగితాలు ఇంకో కవర్లో పెట్టి, వేరే పత్రిక పోటీకి పంపింది. మొదటి బహుమతి వచ్చింది. ఆ కథ పేరే ఇప్పుడు పుస్తకం పేరు.

పత్రికాఫీసులో ఆయన బల్ల దగ్గర ఒక అమ్మాయి ప్రూఫులు దిద్దుతోంది.

"కథలు చూసే ఆయన లేరామ్మా?"

"పెద్దాయనా? పోయారండీ, మొన్న వానల్లో."

ఆవిడ చేతిలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"నా కథలన్నీ తిప్పి పంపారు. ఎందుకో అడుగుదామని వచ్చాను."

అమ్మాయి తలెత్తింది. "తిప్పి పంపారా? మా దగ్గర ఆ పద్ధతే లేదండీ. వద్దనుకున్నవి బుట్టలోకే. ఎవరిమీదైనా ఆశ కలిగితే మాత్రం ఆయనే కవరు కొని పంపేవారు. గీత పెట్టారా?"

"పెట్టారు. విసుగొచ్చి ఆపేసిన చోటల్లా."

"అయ్యో, కాదండీ. కథ అక్కణ్ణుంచి మొదలవుతోందని గీత. పైదంతా తీసెయ్యమని. నా వ్యాసాలకీ అలాగే పెట్టేవారు."

"ఆ మాటేదో ఒక ముక్క రాయొచ్చుగా?"

"చెబితే అలుగుతారు, గీత పెడితే వెతుక్కుంటారు అనేవారు."

ఆవిడ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి మొదటి అక్షరం ముందే గీత ఉంటే?" అంది.

"అలాంటిది ఆయన సర్వీసులో ఒక్కటే వచ్చిందటండీ. సరిగ్గా ఆ వారమే మావాళ్ళు కథలు ఆపేసి సినిమా పేజీలు పెట్టారు. ఇది ఇక్కడ మూలపడకూడదని అప్పటికప్పుడు ఆయనే పోస్టులో వేసొచ్చారు."

ఆవిడ పుస్తకం మీద చెయ్యి వేసింది.

"తర్వాత దానికెక్కడో బహుమతి వచ్చిందండీ," అంటూ అమ్మాయి నవ్వింది. "ఆ రోజు ఆ కథ అచ్చయిన పేజీ చేత్తో పట్టుకుని, 'దీన్ని అందరికంటే ముందు చదివింది నేనే' అని ఆఫీసంతా తిరిగి చెప్పుకున్నారు."