తోడికోడలి కానుగ నూనె

కోనసీమలో గ్యాసు బావులు తవ్వే రిగ్గులన్నీ డీజిలు మానేసి, బావి తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే డ్రిల్లింగు బురదలో కానుగ నూనె కలుపుతున్న రోజులవి. ఆ ఏడాది నూనె ఆడించి అమ్మే తోడికోడళ్లు ఇద్దరి నూనే పరీక్షలో నెగ్గినా, రిగ్గువాళ్లు పెద్దకోడలు సత్యవేణిని కాదని చిన్నకోడలు భ్రమరాంబ నూనె తీసుకున్నారు. సత్యవేణి ఓర్వలేకపోయింది. ఎవరూ చూడకుండా భ్రమరాంబ నూనె పీపాల్లో చివరిదానిలో బిందెడు ఉప్పునీళ్లు కుమ్మరించింది.

పీపాలు ఎక్కించుకుని రిగ్గుకు వెళ్లే వ్యాను కదులుతుంటే భ్రమరాంబ దిగులుగా అంది: "బురద పాడైతే బావిలో గ్యాసు ఎగదన్నేత్తాదంటక్కా. ఇయ్యాల మీ మరిదికి అక్కడే డ్యూటీ."

సత్యవేణి పరుగున వెళ్లి వ్యానుకు అడ్డం నిలబడింది.

"ఆ చివరి పీపా దింపెయ్యండి! అందులో నేనే ఉప్పునీళ్లు పోశాను."

భ్రమరాంబ ఆ పీపా దింపించింది. "అయితే ఆ చోట నీ పీపా ఎక్కించక్కా," అంది.

సత్యవేణి తలవంచుకుంది. ఆ మంచితనం చూసి కూడా ఆమెకు అసూయే కలిగింది.