పక్కింటి గాలి

“రండి సారూ, మీ కంటితోనే చూడండి! నేను చెప్పింది అబద్ధమైతే నా చెంప పగలగొట్టండి” అంటూ కమలమ్మాళ్ ఆఫీసరును తీసుకొచ్చి పక్కింటి గడప ముందు నిలబెట్టింది.

గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్న పొన్నమ్మాళ్ గబుక్కున లేచింది. లోపల ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది.

ఆ గుర్రు వినబడ్డప్పుడల్లా కమలమ్మాళ్‌కు కడుపు భగభగా మండిపోతుంది. మండదా మరి! ఇద్దరి మొగుళ్లూ కోవిల్‌పట్టిలో ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మందు కలిపి కలిపి ఊపిరి పాడుచేసుకున్నవాళ్లే. ఇద్దరిదీ ఒకే సర్కారు ఇన్సూరెన్సు. పొన్నమ్మాళ్ మొగుడు లక్ష్మణసామికి మిషన్ నట్టింట్లోకి వచ్చింది. తన మొగుడికి మాత్రం వేలికి క్లిప్పు తగిలించి చూసి, “ఆక్సిజన్ ఇంకా కొంచెం తగ్గితే ఇస్తాం, ఇప్పుడు కుదరదు” అని పంపించేశారు. ఇంకా తగ్గాలంట! సరే, వచ్చినదాన్ని గుట్టుగా వాడుకోవచ్చు కదా ఆ మహాతల్లి? మిషన్‌కు పసుపూ కుంకుమా పెట్టి, పూలమాల వేసి, వీధినంతా పిలిచి చూపించింది.

“మిషనేమో పగలూ రేయీ మోగుతానే ఉండాది. ఆ మనిషేమో టీకొట్లో కూర్చుని పేపరు చదువుతా ఉండాడు. ఇప్పుడే చూసి వస్తిని సారూ!”

విరుదునగరు నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు నొసలు చిట్లించాడు. “ఏమ్మా, నిజమేనా? ఎవరి పేరు మీద ఇచ్చామో వాళ్లే వాడాలి. వేరే మనిషి వాడినా, ఊరికే మోగించినా మిషన్ వెనక్కి తీసుకుపోతాం. తెలుసు కదా?”

పొన్నమ్మాళ్ ఆయన వైపు చూడకుండా కమలమ్మాళ్ చెయ్యి పట్టుకుంది.

“వద్దు కమలక్కా. లోపలికి పోవద్దు. నీకు దండం పెడతా.”

“చూసినారా సారూ, గుట్టు బయటపడతాదని భయం! నా ఇంటాయనకూ ఇదే జబ్బు. నేనేమన్నా మిషన్ కోసం దొంగ నాటకాలు ఆడితినా? దగ్గుకు తూదువళ ఆకు కషాయం కాచి పోస్తా ఉండాను. నెలగా మనిషి దగ్గు లేకుండా నిద్రపోతా ఉండాడు. ఎత్తుకుపోండి సారూ, ఆటో నేనే పిలుస్తా!”

అనేసి, పొన్నమ్మాళ్‌ను పక్కకు నెట్టి తానే ముందు లోపలికి దూరింది. వెనకే ఆఫీసరు.

మంచం మీద ముక్కుకు గొట్టం పెట్టుకుని ఒక మనిషి ఒళ్లు మరచి నిద్రపోతున్నాడు. కమలమ్మాళ్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ చొక్కా ఆమె ఉతికిందే. “స్టేషన్ దగ్గర వేపచెట్టు కింద గాలి బాగుంటాది, పడుకుని వస్తా” అని రోజూ కషాయం తాగి బయలుదేరే తన మొగుడు పెరియసామి! రాత్రంతా లక్ష్మణసామి పీల్చే గాలి, పగలు ఈయనకు. నెలగా నిద్ర పట్టించింది కషాయం కాదన్నమాట.

“ఈయన పేరేమిటమ్మా?” అని ఆఫీసరు పొన్నమ్మాళ్‌ను అడిగాడు.

పొన్నమ్మాళ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల దించుకుంది. మొగుడి పేరు పలకడం అక్కడి ఆడవాళ్లకు అలవాటు లేదు. ఆ సంగతి ఆఫీసరుకూ తెలుసు. కమలమ్మాళ్ వైపు తిరిగాడు.

“ఆమె పేరు చెప్పదులే. ఫిర్యాదు ఇచ్చింది నువ్వే కదా, నువ్వు చెప్పు. ఎవరీయన?”

కమలమ్మాళ్ మంచం వైపు చూసింది. పెరియసామి పెదాల మీద ఊపిరాడనప్పుడు వచ్చే నీలం లేదు. మిషన్ గుర్రుమంటూనే ఉంది.

పొన్నమ్మాళ్‌కు ఏది దక్కినా ఓర్వలేని కమలమ్మాళ్ ఆఫీసరు వైపు తిరిగి అంది:

“నేనే ఎవరినో చూసి పొరబడితిని సారూ. లక్ష్మణసామే. ఇదో, ఈ పొన్నమ్మ మొగుడే.”