ఈగ సాక్ష్యం

"ఈ సేపలు ఎక్కడివో సెప్పు. ఎప్పుడు పట్టినారో సెప్పు. అప్పుడు కొంటాను," అన్నాడు తాపీమేస్త్రీ స్టాన్లీ, చేపలమ్మే తాతమ్మ బుట్టకి అడ్డంగా నిలబడి.

రాజాం చేపల బజారులో ఆదివారం బేరాలు ఒక్కసారిగా ఆగాయి. అతని కోపం ఊరికే వచ్చింది కాదు. పోయిన ఆదివారం ఇక్కడే కొన్న చేపలు తిని ఆరేళ్ల కూతురు వాంతులతో సొమ్మసిల్లింది. మూడు రోజులు సెలైను ఎక్కించారు. అమ్మినవాడు ఈ వారం బజారుకే రాలేదు. శవాలు పాడవకుండా వాడే మందు చేపలకి పూస్తున్నారని టీవీలు మోగిపోతున్నాయి. అడుగుదామని ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడ తలుపుకి తాళం. ఇప్పుడా పిల్ల లేచి కూర్చుని మళ్లీ చేపే కావాలంటోంది.

తాతమ్మ తడి గోనె తొలగించి ఐసులో ఉన్న చందువాలు చూపించింది. భావనపాడు పడవలవని, శుక్రవారం పట్టినవని, వ్యానులో వచ్చాయని ఉన్నదున్నట్టు చెప్పింది. మొప్పలు ఎత్తి చూసుకోమంది. స్టాన్లీ వాటి వంక చూడనైనా లేదు.

"ఒక్క ఈగైనా వాల్లేదేటి?" అన్నాడు.

ఈగ వాలితే మంచి చేప, వాలకపోతే మందు చేప. ఫోన్లలో తిరిగిన ఆ మాట నమ్మనివాడు రాజాంలో లేడు.

గోనె కింద, ఐసు మీద ఈగ ఎలా వాలుతుందని ముసలమ్మ అడిగింది. స్టాన్లీ వినలేదు. పిల్లల ఉసురు పోసుకుని బతుకుతున్నారని, ఇలాంటివాళ్లని బుట్టతో సహా సముద్రంలో ముంచాలని నోటికొచ్చినట్టు తిట్టాడు. చుట్టూ చేరినవాళ్లు తలలూపారు. బేరం కుదిరిన చేపని తిరిగి బుట్టలో పడేసి పోయినవాళ్లూ ఉన్నారు.

తాతమ్మ గోనె కప్పేసుకుంది. "ఈగ సెప్తే ఇంటావు. మనిసి సెప్తే ఇనవా నాయినా?" అంది.

నాలుగడుగుల అవతల సూరయ్య అమ్ముతున్న చేపల మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. తోలితే లేచి మళ్లీ అక్కడే వాలుతున్నాయి. సూరయ్య ఊరి పేరు ఎత్తలేదు, పట్టిన రోజూ చెప్పలేదు. "నన్నడగడం దేనికి బావూ? ఆటినడుగు," అని ఈగల్ని చూపించాడు. జనం నవ్వారు. అందరికంటే ముందు స్టాన్లీయే రెండు కేజీలు తూయించుకున్నాడు. పోతూ పోతూ తాతమ్మ వైపు కాండ్రించి ఉమ్మి మరీ పోయాడు.

ఇంటికొచ్చి సంచి పెళ్లాం బేబీ చేతికిచ్చాడు. బిడ్డకి భయం లేకుండా పెట్టమన్నాడు. ముసలిదాన్ని ఎలా కడిగేశాడో చెప్పుకుంటూ మంచం మీద చేరబడ్డాడు. పెరట్లో చేపలు కోస్తున్న బేబీ దగ్గు వినిపించేసరికి లేచి వెళ్లాడు.

బేబీ కత్తిపీట పక్కకి నెట్టేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లు ధారగా కారుతున్నాయి. పొట్ట చీల్చగానే ఘాటుగా మందు కంపు కొట్టిందని చెప్పింది.

"నీకేటి పిచ్చా? ఈగలు ముసిరినాయి. నా కళ్లతో సూసినాను," అన్నాడు స్టాన్లీ.

బేబీ ఖాళీ సంచిని తిరగేసి అతని ముందు పరిచింది. అడుగంతా గండుచీమలు బారులు తీరి ఉన్నాయి.

"ఈగలు సేపకి రానేదు బావా. పైన జల్లిన బెల్లం నీల్లకి వొచ్చినాయి."